పది దాటితే తెరవని తలుపు

కనుమ మలుపులో ఉన్న ఆ పాత యూత్ హాస్టలుకి ఎంత చెడ్డపేరుందంటే, పొద్దుగూకాక ఆ దారిన పోయే లారీవాళ్ళు కూడా అక్కడ హారను కొట్టరు. కొడితే ఎవరో చెయ్యెత్తి బండి ఆపుతారట.

అదొక్కటే అయితే సర్దుకుపోవచ్చు. అసలు భయం ఆ తలుపుది. రాత్రి పది దాటిందంటే దానిమీద చప్పుడు మొదలవుతుంది. దబ్... దబ్... దబ్... పిడికిలి బిగించి కొట్టినట్టు. ధైర్యం చేసి వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు.

కొట్టేదెవరో ఊరందరికీ తెలుసు. నలభై ఏళ్ళ కిందట, హాస్టలు కళకళలాడే రోజుల్లో, ఒక వానరాత్రి ఒంటరిగా నడుచుకుంటూ ఒక అమ్మాయి వచ్చిందట. పదికి తలుపు మూసెయ్యాలని అక్కడ రూలు. ఆ పిల్ల వచ్చేసరికి పది దాటిపోయింది. వార్డెనమ్మ కిటికీ రెక్క బెత్తెడు తీసి, "టైమైపోయింది. పొద్దున్న రా" అని మూసేసిందట.

పిల్ల కొట్టింది... కొట్టింది... కొట్టి కొట్టి ఊరుకుంది.

తెల్లారాక కింద వాగులో ఆమె సంచీ దొరికింది. పిల్ల దొరకలేదు.

అప్పట్నుంచీ వచ్చి కొడుతూనే ఉందని చెప్పుకుంటారు.

అలాంటి హాస్టలుని మళ్ళీ తెరుస్తానని పంక్చరక్క అన్నప్పుడు ఊరు నవ్వినా బాగుండేది. నవ్వలేదు. "అయ్యో పాపం" అంది.

పంక్చరక్కది కనుమ కింద సైకిళ్ళ షాపు. అసలు పేరు ఆమెకే గుర్తుందో లేదో. ట్యూబుని నీళ్ళ తొట్లో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందో చూడకుండానే చెవితో కనిపెట్టేస్తుందని ప్రతీతి. కొండ దాటడానికి సైకిళ్ళమీద మూటలు కట్టుకుని వచ్చే కుర్రకారంతా సాయంత్రానికి ఆమె షాపు ముందే తేలేవాళ్ళు. ఊళ్ళో ఉన్నది ఒకే లాడ్జి. అక్కడ గది అద్దె వింటే సైకిలుకే కాదు, మనిషికీ గాలి దిగిపోతుంది. అందుకని షాపులోనే, టైర్ల మధ్య, గ్రీజు వాసనలో పడుకునేవాళ్ళు.

ఒకసారి ఇద్దరు అక్కచెల్లెళ్ళు వచ్చారు. ఆడపిల్లలు, వెంట మగదిక్కు లేదని లాడ్జి ఓనరు గది ఇవ్వనన్నాడు. షాపు అప్పటికే కుర్రాళ్ళతో నిండిపోయింది. ఆ పిల్లలిద్దరూ స్టూళ్ళ మీద కూర్చుని, ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి తెల్లార్లూ గడిపారు. పొద్దున్న వెళ్తూ, "థాంక్స్ అక్కా, చాలా హాయిగా ఉంది" అన్నారు. ఆ అబద్ధం అక్కకి రంపపుకోత అయింది. కొండమీద అన్ని మంచాలు దుమ్ము కొట్టుకుపోతుంటే, ఈ పిల్లలు స్టూళ్ళ మీద పడుకోవడమేమిటి?

ఆ సైకిళ్ళవాళ్ళ నోటే ఆమె హాస్టళ్ళ పుట్టుపూర్వోత్తరాలు వింది. ఎక్కడో ఒక బడిపంతులు పిల్లల్ని వెంటేసుకుని ఊళ్ళు చూపించడానికి నడిపించుకుపోతూ వానలో చిక్కుకున్నాడట. తల దాచుకోవడానికి పడ్డ పాట్లు చూసి, నడిచొచ్చే పిల్లలకి ప్రతి దారిలోనూ ఒక చూరు ఎందుకుండకూడదు అనుకున్నాడట. అలా మొదలైంది. చవకగా ఒక మంచం. నీ కంచం నువ్వే కడుక్కో, నీ చోటు నువ్వే ఊడ్చుకో. కలిగినవాడి కొడుకు కింది మంచం మీద, కూలివాడి కొడుకు పై మంచం మీద. తర్వాత బస్సులొచ్చాయి, కార్లొచ్చాయి, లాడ్జీలొచ్చాయి. నడిచేవాళ్ళు తగ్గారు. ఒక్కో హాస్టలుకీ తాళం పడింది. ఇప్పుడు మళ్ళీ అక్కడక్కడా జనమే చేతులు కలిపి ఆ తాళాలు తీస్తున్నారట.

"వాళ్ళు తీయగాలేనిది మనం తీయలేమా?" అని అక్క మునిసిపాలిటీ గుమ్మం ఎక్కింది.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండిది ఎవరికన్నా బలవంతురాలో ఆ ఆఫీసువాళ్ళకి తెలిసొచ్చింది. చెప్పులరిగేలా తిరిగితే చివరికి తాళంచెవి ఇచ్చారు. కానీ ఒక మెలిక పెట్టారు. నెలాఖరులోగా ఎవరైనా ఒక అతిథి అక్కడ రాత్రి బస చేసి తీరాలి. లేదంటే బిల్డింగు లాడ్జి ఓనరుకి పోతుంది. అతను దాన్ని పడగొట్టి కార్లు నిలబెట్టుకోడానికి చదును చేయించుకుంటాడు.

అక్క మనుషుల్ని పోగేసి కప్పు బాగు చేయించింది. మంచాలకి మేకులు కొట్టించింది. పగలంతా పని బాగానే సాగేది. పొద్దు వాలిందంటే చాలు, పనివాళ్ళు పిల్లిని చూసిన ఎలుకల్లా మాయమయ్యేవాళ్ళు. పడుకోమంటే ఎవడు పడుకుంటాడు?

బళ్ళో డ్రిల్లు మాస్టారు ఒక్కడే కాస్త మెత్తబడ్డాడు. "నా క్లాసు పిల్లల్ని తీసుకొస్తానమ్మా. కానీ వాళ్ళ అమ్మానాన్నలు, ముందు ఆవిణ్ణి ఒక రాత్రి పడుకుని లేవమను, అప్పుడు చూద్దాం అంటున్నారు."

"ఇవాళే పడుకుంటానని చెప్పండి" అంది అక్క.

ఆమె భర్తకి బేకరీలో రాత్రి డ్యూటీ. "నేనొద్దంటే ఆగుతావా?" అన్నాడు.

"ఆగను."

"అయితే మందపాటి దుప్పటి తీసుకెళ్ళు."

వెంట మరిది బయల్దేరాడు. కరెంటు పని చేస్తాడు. ఊళ్ళో అతన్ని ఫ్యూజు అంటారు. పనిని బట్టి కాదు, భయమేస్తే ఫ్యూజులా టక్కున కొట్టేసి పడిపోతాడని. హాల్లో వైరింగు మిగిలుంది కాబట్టీ, "వదిన్ని ఒక్కదాన్నీ పంపుతావురా?" అని వాళ్ళమ్మ చీపురు తీసింది కాబట్టీ వచ్చాడు.

దారిలో లాడ్జి ఓనరు ఎదురయ్యాడు. "అక్కా, నీ మంచి కోరి చెప్తున్నా..." అంటూ నవ్వాడు.

ఆ నవ్వు అక్కకి నచ్చలేదు. చప్పుడు చేసేది వీడి మనుషులేనేమో అని అప్పుడే అనుమానం తగిలింది.

వాళ్ళు పైకి చేరేసరికి వాన మొదలైంది. మలుపు దగ్గర రోడ్డు అంచు ముందు వారమే కోసుకుపోయి వాగులోకి జారింది. చీకట్లో అడుగు పక్కకి పడితే అంతే సంగతులు. ఇద్దరూ గోడ వైపు నుంచి జాగ్రత్తగా నడిచి లోపలికి చేరారు. కిటికీలన్నీ చెక్కలతో మూసే ఉన్నాయి. తలుపు వేసి గడియ పెట్టారు. ఫ్యూజు హాల్లో ఒక పెద్ద బల్బు వెలిగించాడు. చూడ్డానికి అంత భయంకరంగా ఏమీ లేదు. సున్నం వాసన... కొత్త చెక్క వాసన... కప్పుమీద వాన.

అక్క టీ కాచింది. ఫ్యూజు గ్లాసు పట్టుకున్నాడే గాని, కళ్ళు మాత్రం గోడ గడియారాన్ని వదల్లేదు.

పది దాటింది.

ఏమీ లేదు.

"చూశావా? అంతా ఉత్త—"

దబ్...

దబ్... దబ్...

ఫ్యూజు చేతిలో గ్లాసు కిందపడింది.  అక్క లేచి, విసవిసా వెళ్ళి, గడియ లాగి తలుపు బార్లా తెరిచింది.

వాన. చీకటి. గుమ్మం ముందు బురదలో సాయంత్రం తమ చెప్పులు చేసిన గుర్తులే, సగం చెరిగిపోయి.

తలుపు వేసింది. గడియ పెట్టి నాలుగడుగులు వెనక్కి వేసిందో లేదో—

దబ్... దబ్... దబ్...

మళ్ళీ తెరిచింది. మళ్ళీ ఎవరూ లేరు.

"ఇది ఆ లాడ్జివాడి పనే" అంది పళ్ళు కొరుకుతూ. తర్వాత గొంతు తగ్గించి, "ఒరేయ్... వెనక కిటికీ చెక్క ఊడదీసి దిగు. తలుపుకి ఎదురుగా కట్టెల షెడ్డులో నిలబడు. టార్చి ఆర్పేసుకో. ఎవడైనా వచ్చి తలుపు కొడితే వాడి మొహం చూడు చాలు. మిగతాది నేను చూసుకుంటా."

"వదినా... నా వల్ల కాదు..."

"ఇక్కడే కూర్చుంటావా మరి?"

ఫ్యూజు ఒకసారి తలుపు వైపు చూశాడు. ఒకసారి కిటికీ వైపు చూశాడు. ఎటూ బాగాలేదు. ఏడుపు మొహంతో కిటికీ దిగాడు.

అక్క హాలు మధ్యలో స్పానరు పట్టుకుని నిలబడింది. 

దబ్! దబ్! దబ్!

ఈసారి గట్టిగా. తొందరపడుతున్నట్టు. ఒక్క గంతులో వెళ్ళి తలుపు లాగింది. "ఎవడ్రా నువ్వు!"

ఎదురుగా వానలో ఫ్యూజు ఒక్కడే నిలబడి ఉన్నాడు. టార్చి వెలిగించి తలుపు మీదకే పట్టుకున్నాడు. నోరు తెరుచుకునే ఉంది.

"చూశావా? ఎవరు?"

"ఎవరూ... ఎవరూ రాలేదు వదినా."

"మరి చప్పుడో?"

 అతను ఆమె భుజం మీదుగా హాల్లోకి చూస్తున్నాడు. లోపలికి రమ్మంటే కదలడు. చివరికి చొక్కా కాలరు పట్టుకుని ఈడ్చుకురావలసి వచ్చింది. వచ్చి ఒక మూల గోడకి వీపు ఆనించి చతికిలబడ్డాడు.

అప్పుడు అక్కకి నిజంగా భయం వేసింది. ఇందాకటిదాకా ఉన్నది కోపం. లాడ్జివాడి మనిషి ఎవడో ఉంటాడని, వాణ్ణి పట్టుకుని నాలుగు తగిలించొచ్చని ఆశ. ఇప్పుడు పట్టుకోవడానికి ఎవరూ లేరు.   ఇంటికి పోదాం అనే మాట నోటి దాకా వచ్చింది.

నోటి దాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. స్టూళ్ళ మీద కూర్చుని నిద్రపోయిన ఆ అక్కచెల్లెళ్ళు మనసులో మెదిలారు. బయట నిలబడి కొట్టేది దెయ్యమే అయితే మాత్రం? వానలో తడిసి, చలికి వణికి, లోపలికి రానివ్వండని అడిగిన పిల్లేగా. అడిగిందాంట్లో తప్పేముంది? నలభై ఏళ్ళుగా ఊరంతా ఆ పిల్లకి భయపడ్డారే గాని, ఆ తలుపు తెరిచి ఉంచుదామని ఒక్కరికీ తోచలేదేం?

"తలుపుంటేగా కొట్టేది" అంది అక్క.

పనిముట్ల పెట్టె తెరిచి స్క్రూడ్రైవరు తీసింది. పై మడతబందు మరలు విప్పడం మొదలుపెట్టింది. మరిది అడ్డం పడతాడనుకుంది. దెయ్యాలొచ్చే ఇంటికి ఉన్న ఒక్క తలుపూ ఊడపీకుతావా అని లబోదిబోమంటాడనుకుంది. చిత్రంగా అతను పరిగెత్తుకొచ్చి తన స్క్రూడ్రైవరుతో కింది బందు పట్టుకున్నాడు.

"తీసెయ్ వదినా... తొందరగా తీసెయ్..."

అంత చురుగ్గా పనిచేయడం అక్క అతని పెళ్ళిలో కూడా చూడలేదు.

తలుపు ఊడింది. ఇద్దరూ మోసుకెళ్ళి గోడకి ఆనించారు. వాన జల్లు హాల్లోకి కొట్టింది. బల్బు వెలుగు గుమ్మం దాటి, ముంగిలి దాటి, మలుపు దాకా పరుచుకుంది.

అక్క గుమ్మంలో నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, చీకట్లోకి ఒక్క కేక పెట్టింది.

"ఇదిగో పిల్లా! తలుపు లేదు! ఇక్కడ పదీ లేదు, పదకొండూ లేదు! వస్తే రా!"

వాన చప్పుడు. అంతే.

తర్వాత... మలుపు వైపు నుంచి, సన్నగా, ఒక ఆడగొంతు.

"వస్తున్నానమ్మా..."

ఫ్యూజు కొట్టేశాడు. కాళ్ళు ముడుచుకుని ఉన్నచోటే కూలబడ్డాడు.  అక్క స్పానరు బిగించి పట్టుకుంది.

వెలుగు అంచున ఒక ఆకారం కనిపించింది. వంగి... మెల్లగా... గోడ వైపు ఒరుసుకుంటూ. వీపు మీద సంచీ. గుమ్మం ముందుకొచ్చి ఆగింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. మొహం తెల్లగా పాలిపోయింది.

"పది దాటిందనుకుంటా" అంది ఆ ఆకారం. "ఈసారైనా రానిస్తారా?"

 అక్క చెయ్యి చాచింది. "రా... లోపలికి."

ఆ చేతిని పట్టుకున్న చెయ్యి మంచుగడ్డలా ఉంది. అక్క కళ్ళు మూసుకుంది.

అప్పుడా ఆకారం హాలు దద్దరిల్లేలా తుమ్మింది.

ఒకటి కాదు, వరసగా.

"దెయ్యాలకి జలుబు చేయదు" అంది అక్క కళ్ళు తెరుస్తూ.

"దెయ్యమేంటమ్మా? ముందు ఒక తువ్వాలు ఇవ్వు."

అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైందట. దుప్పటి కప్పుకుని, వేడి టీ గొంతులో పడ్డాక మాట తేరుకుంది.

"రోడ్డు బాగాలేదని బస్సువాడు కిందే దింపేశాడు. సరే, నడుద్దాం అనుకున్నా. టార్చి తడిసి ఆరిపోయింది. కళ్ళు చించుకున్నా ఏమీ కనబడలేదు. మలుపు దగ్గర అడుగు వేయబోతుంటే ఒక్కసారిగా మీ వెలుగు వచ్చి పడింది. చూస్తే నా కాలి ముందు రోడ్డు లేదు... కింద వాగు."

అక్క, అప్పటికి తేరుకున్న ఫ్యూజు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇంత రాత్రివేళ రావడమేంటి పెద్దమ్మా?"

"ఈ హాస్టలుకి నేనెప్పుడూ ఆలస్యంగానే వస్తాను" అంది పెద్దావిడ. "పద్దెనిమిదేళ్ళప్పుడు ఒకసారి వచ్చాను. ఇంట్లో పోట్లాడి, ఒంటరిగా నడుచుకుంటూ. వార్డెను తలుపు తీయలేదు. పిడికిలి వాచిపోయేదాకా కొట్టాను. ఒళ్ళు మండి సంచీ వాగులోకి విసిరికొట్టాను. అందులో హాస్టళ్ళ సభ్యత్వం కార్డుంది. ఆ కార్డుతో ఇంక నాకేం పని అని! రాత్రంతా నడిచి కొండ దాటి, పాలవ్యాను ఎక్కి వెళ్ళిపోయాను. ఆ తర్వాత ఎన్ని ఊళ్ళు తిరిగినా ఏ హాస్టల్లోనూ కాలుపెట్టలేదు. పడుకుంటే ఇక్కడే పడుకోవాలి. మళ్ళీ తెరుస్తున్నారని మొన్న ఒక సైకిలు అబ్బాయి చెబితే బయల్దేరాను."

 అక్క మెల్లగా, ఊరు చెప్పుకునే కథంతా చెప్పింది. వార్డెనమ్మ నెలల తరబడి లాంతరు పట్టుకుని వాగు వెంట వెతికిందనీ, హాస్టలు మూతపడ్డా కదలక, ఈ హాల్లోనే తలుపు పక్కన కుర్చీలో ప్రాణం విడిచిందనీ చెప్పింది.

పెద్దావిడ అంతా విన్నది. మొహంలో ఏదో కదిలింది. వెంటనే దవడ బిగించింది.

"వెతికితే ఏం? తెరవలేదుగా" అని కింది మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

తెల్లారేసరికి ఏమైందో చూద్దామని మునిసిపాలిటీ చైర్మను, ఆయన వెనకే లాడ్జి ఓనరు, వాళ్ళ వెనక సగం ఊరు. గుమ్మానికి తలుపు లేకపోవడం చూసి జనం గుసగుసలాడారు.

"చూశారా చైర్మన్‌గారూ! దెయ్యం తలుపే పీకేసింది!" అన్నాడు లాడ్జి ఓనరు.

"పీకింది నేను" అంది అక్క.

రొట్టె నములుతున్న పెద్దావిడ లేచి వచ్చింది. "దెయ్యాన్ని నేను. చెప్పండి, ఏం పని?"

సంగతి తెలిశాక ఊరు నోరెళ్ళబెట్టింది. లాడ్జి ఓనరు మాత్రం, "అయితే మాత్రం... లెక్క ప్రకారం ఈవిడ..." అని నసిగాడు.

"లెక్క ప్రకారం చచ్చిపోయింది, అంతేగా?" అక్క అతని మీదకి వెళ్ళింది. "చచ్చినవాళ్ళు అతిథులు కారని మీ షరతుల్లో ఉందా? రాత్రి బస చేసింది. మంచం తనే దులుపుకుంది. గ్లాసు తనే కడుక్కుంది. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఇంక కార్లు మీ నెత్తిన నిలబెట్టుకోండి."

చైర్మను నవ్వు ఆపుకోలేక తల తిప్పుకున్నాడు. డ్రిల్లు మాస్టారు అక్కడికక్కడే, శనివారం పిల్లలతో వస్తానన్నాడు. ఈసారి ఏ తండ్రీ అడ్డు చెప్పలేదు.

పెద్దావిడ ఒక్క రాత్రికని వచ్చింది. వెళ్ళే మాట ఎత్తలేదు. వార్డెను లేకుండా పిల్లల్ని ఎవరు చూస్తారని అక్క అడిగితే, "తలుపుకి గడియ పెట్టనంటే ఉంటాను" అంది.

శనివారం పొద్దున్న తలుపు మళ్ళీ బిగించే ముందు రంగు వేద్దామని ముంగిట్లో రెండు బల్లల మీద పడుకోబెట్టారు. పెద్దావిడ బ్రష్షు తీసుకుంది. అప్పుడు ఫ్యూజు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ రాత్రి నుంచీ అతను సరిగ్గా మాట్లాడింది లేదు.

"వదినా... ఆ రాత్రి నేను షెడ్డులోంచి తలుపునే చూస్తూ ఉన్నాను. ఎవరూ రాలేదు. నిజం. కానీ చప్పుడవుతుంటే తలుపు ఎటు అదురుతుందో కనబడింది..." తలుపు వైపు వేలు చూపించాడు. "బయటికి అదిరింది."

"అంటే?"

"కొట్టేది లోపల్నించి. నీ ఎదురుగా, నీకు నాలుగడుగుల్లో. అప్పుడే చెప్పుంటే ఆ హాల్లో ఇంకొక్క క్షణం ఉండేదానివా?"

అక్క రంగు డబ్బా కింద పెట్టింది.

ముగ్గురూ కలిసి తలుపుని తిరగేశారు. బయటి వైపు పాత రంగు ఎండకి పెచ్చులు లేచినా, మొత్తం అలాగే ఉంది. లోపలి వైపు, గడియకి కాస్త పైన, ఒక ఆడమనిషి పిడికిలి ఎత్తున, రంగు లేదు. అరిగి అరిగి చెక్క నున్నగా గుంటపడి ఉంది.

 కింద మలుపు దగ్గర పిల్లల అరుపులు వినబడుతున్నాయి. డ్రిల్లు మాస్టారి ఈల, ఎవరో పరిగెత్తొద్దని కసురుకోవడం.

పెద్దావిడ బ్రష్షు పక్కన పెట్టింది. ఆ గుంటలో అరచెయ్యి ఆనించింది.  తర్వాత వార్డుల్లో మొండి రోగుల్ని కసిరినట్టే గొంతు పెంచి కసిరింది.

"చాల్లే వార్డెనమ్మా! నేను లోపలికి వచ్చేశాను. ఇంక పడుకో, పో!"